వచ్చుండాడు

తిరుపతి, చిత్తూరు సీమలో ఇంటి వాకిట నిలిచి "మీ నాయన ఉండాడా?" అని అడిగితే, పిల్లవాడు "ఇప్పుడే వచ్చుండాడు" అంటాడు. రావడం జరిగిపోయిన పని. వచ్చి ఇంట ఉండడం ఇప్పటి స్థితి. రెండూ ఒక్క మాటలో ఇమిడినవి. "వచ్చినాడు" అంటే రాక మాత్రమే తెలుస్తుంది; ఉన్నాడో, మరల పోయినాడో తెలియదు. అయినా ఆ మాటనే పరీక్షలో వ్రాస్తే ఎర్రసిరా గీత పడడం కద్దు.

ఆ మాటకు వ్యాకరణం లేకపోలేదు. 'వచ్చి' అనే క్త్వార్థక రూపానికి 'ఉండాడు' చేరింది. క్త్వార్థకమైన ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి బాలవ్యాకరణం విధించింది. కనుక గ్రంథాలలో 'వచ్చియున్నాడు' అని యడాగమంతో నిలిచింది. పల్లె పలుకుబడి ఆ ఇకారాన్ని లోపింపజేసింది. వచ్చుండాను, వచ్చుండావు, వచ్చుండారు అన్నప్పుడు పురుష వచనాలను బట్టి మారేది 'ఉండు' ధాతువే. పొరుగున తమిళులు 'వందిరుక్కిఱాన్' అనీ, కన్నడిగులు 'బందిద్దానె' అనీ ఈ తీరుననే అంటారు.

దూరాన ఉన్న స్పానిష్ భాషలోనూ ఇట్టి కాలం ఉంది. అక్కడ సహాయక క్రియ 'ఆబేర్'. దాని లాటిన్ మూలానికి 'కలిగియుండు' అని అర్థం. ఏ, ఆస్, ఆ, ఏమోస్, ఆబేయిస్, ఆన్ అని పురుష వచనాలను బట్టి దానికి ఆరు రూపాలు. దాని వెనుక ప్రధానక్రియ మారని రూపంలో నిలుస్తుంది. క్రియ చివరి 'ఆర్' తొలగి 'ఆదో', 'ఏర్', 'ఈర్' తొలగి 'ఈదో' వస్తాయి. మాట్లాడు అనే 'ఆబ్లార్' 'ఆబ్లాదో' అవుతుంది. తిను అనే 'కోమేర్' 'కోమీదో' అవుతుంది. 'ఏ కోమీదో' అంటే నేను తినుండాను. 'ఆన్ కోమీదో' అంటే వారు తినుండారు. వ్రాయు అనే 'ఎస్క్రిబీర్' మాత్రం 'ఎస్క్రీతో' అవుతుంది. ఇట్టి కొన్నింటిని వల్లె వేయవలసిందే.

ఈనాడు జరిగిన పనికి స్పెయిన్‌లో ఎక్కువమంది ఈ కాలాన్నే వాడతారు. లాటిన్ అమెరికాలో పెక్కు చోట్ల సామాన్య భూతమే వినిపిస్తుంది. స్పానిష్ అకాడమీలు 2009లో వెలువరించిన వ్యాకరణం ఈ తేడాను ప్రాంతభేదంగా వివరించింది.

పిల్లలకు శిష్టభాష నేర్పవలసిందే. అయితే ఎర్రగీతకు ముందు నల్లబల్లపై 'వచ్చుండాడు', 'వచ్చియున్నాడు' పక్కపక్కన వ్రాసి చూపితే చాలు. ఇంట అమ్మ పలికే మాటలోనూ వ్యాకరణం ఉన్నదని విద్యార్థి గ్రహిస్తాడు. గ్రంథభాష అతనికి దగ్గరవుతుంది.