పరుగులో పాదం ఎక్కడ పడాలి?

వర్షాలు వెనుదిరిగి అక్టోబరు ప్రవేశించగానే లోధీ గార్డెన్‌లోను, చాణక్యపురిలోని నెహ్రూ పార్కులోను కొత్తగా పరుగు ఆరంభించినవారు విరివిగా కనిపిస్తారు. 2005లో మొదలైన ఢిల్లీ హాఫ్ మారథాన్ ఇటీవలి సంవత్సరాలలో ఆ నెలలోనే జరుగుతుండడం అందుకు ఒక కారణం; వైద్యపరీక్షలో చక్కెర, రక్తపోటు అంకెలు చూసి కలవరపడడం మరొక కారణం. అయితే వీరిలో పలువురు మూడు నాలుగు వారాలకే మోకాలి నొప్పితోనో, ముంగాలి ఎముక నొప్పితోనో మళ్ళీ కుర్చీకి పరిమితమవుతారు. పరుగు తమ వయసుకు సరిపడదని తీర్మానించుకుంటారు. వయసును నిందించే ముందు పాదం ఎక్కడ పడుతున్నదో పరిశీలించడం ఉచితం.

నడకలో ఎల్లప్పుడూ ఒక పాదమైనా నేలపై ఉంటుంది. పరుగులో అలా కాదు. శరీరం క్షణకాలం గాలిలో తేలి, ఒకే పాదం మీదికి దిగుతుంది. అప్పుడు నేలనుంచి వచ్చే ప్రతిచర్యాబలం శరీరభారానికి రెండు మూడు రెట్లుంటుంది. డెబ్భై కిలోల వ్యక్తి నిమిషానికి 160 అడుగుల చొప్పున అరగంట పరుగెత్తితే 4,800 అడుగులు. అంటే ఒక్కొక్క కాలు 2,400 సార్లు, సుమారు 175 కిలోల బరువును మోస్తుంది. యంత్రాల మధ్య జీవితం గడిపిన మనకు ఇది కొత్త విషయమేమీ కాదు. పదేపదే పడే భారానికి లోహం సైతం అలసిపోతుంది. లోహానికి లేని సౌలభ్యం ఎముకకు ఉన్నది: నడుమ విశ్రాంతి దొరికితే అది తనను తాను బలపరచుకుంటుంది. కనుక ఆరంభంలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, వారంలో మూడు రోజులు చాలును.

కొత్తవారిలో ప్రధానంగా కనిపించే దోషం పెద్ద అంగలు వేయడం. మోకాలు దాదాపు నిటారుగా బిగిసి, మడమ శరీరానికి బాగా ముందుగా నేలను తాకుతుంది. ఆ అడుగు బ్రేకు వలె పనిచేస్తుంది. పోగొట్టుకున్న వేగాన్ని తిరిగి సంపాదించడానికి కండరాలు మళ్ళీ శ్రమించాలి, అదురును మోకాలు భరించాలి. పాదం తుంటికి దిగువన, లేదా కొద్దిపాటి ముందుగా, మోకాలు కొంచెం వంగి ఉండగా దిగడం మేలు.

ఇందుకు సులభోపాయం వేగం పెంచకుండా అడుగుల సంఖ్య పెంచడం. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో నిమిషానికి 160 అడుగులు వేసేవారి అంగ 83 సెంటీమీటర్లు. 170 వేస్తే 78. తేడా రెండంగుళాలే! అడుగుల రేటును ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలిపై పడే భారం తగ్గుతుందని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో నిరూపించారు. కుడి పాదం అరనిమిషంలో ఎన్నిసార్లు పడిందో లెక్కించి నాలుగుతో గుణిస్తే మన సంఖ్య తెలుస్తుంది. దానికి ఐదు శాతం కలిపితే చాలు.

ప్రతివారూ నిమిషానికి 180 అడుగులు వేయవలసిందేనన్న మాట ప్రచారంలో ఉన్నది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే శిక్షకుడు మేటి క్రీడాకారుల అడుగులను లెక్కించిన నాటినుంచి వచ్చిన సంఖ్య అది. పోటీలో దూసుకుపోయేవారి లెక్కను ఫైళ్ళ ముందు ఇరవై ఏళ్ళు కూర్చున్నవారికి అంటగట్టడం సబబు కాదు. మునివేళ్ళపైనే దిగాలన్న సలహా కూడా ఇటువంటిదే. బూట్లతో దూరం పరుగెత్తేవారిలో అధికులు మడమపైనే దిగుతారు. అలవాటును హఠాత్తుగా మార్చితే భారం మాయం కాదు, పిక్కకు, మడమ వెనుక నరానికి బదిలీ అవుతుంది.

వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన పారా అథ్లెట్ జీవంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. 2025లో మన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే రజతం సాధించారు. ఆ కోబే పరుగు గంటకు 26 కిలోమీటర్ల వేగం. టెలివిజన్‌లో అటువంటివారిని చూసి గంటకు ఎనిమిది కిలోమీటర్ల వద్ద మోకాళ్ళు ఎత్తబోవడం వృథాశ్రమ.

ఇక పైభాగం. కుర్చీకి అలవాటుపడిన నడుము ముందుకు వంగుతుంది. ఆ వంపు నడుము వద్ద కాక, చీలమండ వద్ద స్వల్పంగా ఉండాలి. చూపు పాదాలపై కాక పది పదిహేను మీటర్ల ముందుండాలి. మోచేతులు ఇంచుమించు లంబకోణంలో వంగి ముందువెనుకలకు ఊగాలేగాని పొట్టకు అడ్డంగా కాదు. వేయించిన అప్పడాన్ని విరగకుండా పట్టుకున్నంత సుతారంగా వేళ్ళు ముడుచుకోవాలి. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత వేగమే మొదట్లో సరైన వేగం.

మన నగరంలో ఊపిరి సంగతి ప్రత్యేకం. 2017 నవంబరులో కాలుష్యం దృష్ట్యా హాఫ్ మారథాన్‌ను వాయిదా వేయాలని వైద్యుల సంఘం హైకోర్టును కోరింది. అయినా 19వ తేదీన పోటీ జరిగింది. చలికాలంలో చల్లగాలి నేలను అంటిపెట్టుకుని ఉండడంతో పొగ పైకి పోలేదు. వేకువన ఈ స్థితి తీవ్రంగా ఉండి, ఎండెక్కాక కొంత సడలుతుంది. బ్రాహ్మీముహూర్తమే వ్యాయామానికి శ్రేష్ఠమని మన ఊళ్ళనుంచి తెచ్చుకున్న నమ్మకం నవంబరు ఢిల్లీకి వర్తించదు. వాయు నాణ్యతా సూచీ 300 దాటిన నాడు బూట్లు పక్కన పెట్టి, గదిలోనే గోడ పట్టుకుని పిక్కలకు, తుంటికి వ్యాయామం చేసుకోవచ్చు. అడుగు కుదరడానికి ఆ కండరాలే ఆధారం.