సర్పి లేస్తే ముందు దవాఖాన... తర్వాతే నూనె సీసా!

పోయిన దసరాకు వారం ముందు బాపు ఫోన్ చేశాడు. "నడుం కాడ సురసుర మంటుందిరా, పండుకోనిస్తలేదు" అన్నాడు. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఆయనకు రెండెకరాల పసుపు ఉంది. చేన్లో వంగి వంగి నరం పట్టుకుందేమో అనుకున్నా. మూడో రోజుకల్లా కుడివైపు వెన్ను నుంచి బొడ్డు దాకా ఎర్రటి దద్దుర్లు, వాటి మీద నీటి పొక్కులు పట్టీ కట్టినట్టు లేచాయి.

అవ్వ చూడగానే తేల్చేసింది. "ఇది సర్పి. తలా తోకా కలిస్తే మనిషి దక్కడు."

ఒకరు జాజు పూయించమన్నారు. ఇంకొకరు మంత్రం వేయించమన్నారు. ఇచ్చోడలో ఉండే మా అక్క నీలగిరి నూనె సీసా పట్టుకుని బస్సు దిగింది. "మా దిక్కు ఏ నొప్పికైనా ఇదే రాస్తరు" అంటూ ఏమీ కలపకుండా పొక్కుల మీద రాసింది. బాపు పెట్టిన కేక నాకు ఇప్పటికీ గుర్తే. తెల్లారేసరికి పొక్కులు పగిలి తోలు పచ్చిపుండైంది. అయినా "కాక దిగుతుంది లే" అని ఇంకో రెండు రోజులు చూశాం. ఐదో రోజు కరీంనగర్‌లో చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఇన్ని రోజులు ఏం చేసిన్రు?"

జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పాము కాదు, పాత చికెన్‌పాక్సే

సర్పిని ఇంగ్లిష్‌లో షింగిల్స్ అంటారు. చిన్నప్పుడు చికెన్‌పాక్స్ వస్తే అమ్మవారు పోసిందని వేపాకుల్లో పడుకోబెడతారు కదా, ఆ వైరస్సే ఇది. జబ్బు తగ్గినా వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నుపూస పక్కన నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు మీద పడ్డా, షుగర్ లాంటి జబ్బుతో ఒంట్లో శక్తి తగ్గినా మళ్లీ లేస్తుంది. ఆ నరం పోయే దారి వెంబడే పొక్కులు వేస్తుంది. అందుకే మామూలుగా ఒకవైపే వస్తుంది. తలా తోకా కలవడం, ప్రాణం పోవడం అన్నది వట్టి భయం.

అసలు భయపడాల్సింది ఆలస్యానికి. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ లాంటి మాత్రలు దద్దుర్లు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నాయి కాబట్టి బాపుకు ఐదో రోజైనా ఇచ్చారు. పది, పదిహేను రోజుల్లో పొక్కులు మాడిపోయాయి. నొప్పి మాత్రం మిగిలింది. చొక్కా అంచు తగిలినా కరెంటు షాక్ కొట్టినట్టు ఉలిక్కిపడేవాడు. పసుపు తవ్వే రోజుల్లో కూడా చేనుకు పోలేక వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. మొదటి రోజే తీసుకెళ్తే ఈ నొప్పి రాకపోయేదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. కానీ ఆ ఐదు రోజులు మాత్రం మేమే పోగొట్టాం.

మన ఇళ్లల్లో సీసాలు కొత్తవా?

అక్కను తప్పు పట్టలేను. నొప్పికి ఘాటు నూనె రాయడం మనకు తరతరాల అలవాటు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1920లో హైదరాబాద్‌లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ జిందా తిలిస్మాత్ తయారుచేశారు. నీలగిరి నూనె, పుదీనా పువ్వు, కర్పూరం, వాము పువ్వు లాంటివాటి బలమే ఆ ఎర్ర సీసా. జలుబుకు, తలనొప్పికి తెలంగాణలో అది లేని ఇల్లు అరుదు. ఇప్పుడు 'ఎసెన్షియల్ ఆయిల్స్' పేరుతో చిన్న సీసాల్లో అమ్ముతున్నవీ ఈ కుటుంబంవే.

ఇవి వైరస్‌ను చంపి సర్పిని తగ్గిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. అలాగని పనికిరానివీ కావు. పుదీనా నూనెలో ఉండే మెంథాల్ చర్మంలోని చల్లదనాన్ని పసిగట్టే నరాల తలుపు తడుతుంది. చల్లబడిందని మెదడుకు కబురు పోతుంది, నొప్పి కాసేపు వెనక్కి తగ్గుతుంది. సర్పి తర్వాత నరాల నొప్పితో బాధపడే 76 ఏళ్ల మహిళకు పుదీనా నూనె రాస్తే నాలుగు నుంచి ఆరు గంటలు ఉపశమనం దొరికిందని 2002లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అయితే అది ఒక్క మనిషి అనుభవం. అందరికీ అలాగే జరుగుతుందని చెప్పలేం.

మిరపకాయ సంగతి ఇంకా తమాషా. దాని మంటకు కారణమైన క్యాప్సైసిన్‌తోనే వేడిని పసిగట్టే నరాల తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఎనిమిది శాతం క్యాప్సైసిన్ పట్టీలను సర్పి తర్వాతి నొప్పికి డాక్టర్ల సమక్షంలో వేస్తారు. ఇంట్లో కారం నూరి పూయమని మాత్రం కాదు!

మేం నేర్చుకున్నవి

బాపుకు ప్రీగాబాలిన్ మాత్రలు రాశారు. చెక్కులు పూర్తిగా రాలి, కొత్త తోలు వచ్చాక డాక్టర్‌ను అడిగి పుదీనా నూనె మొదలుపెట్టాం. రాత్రి రాస్తే కొన్ని గంటలు కునుకు పట్టేది. మీరూ వాడాలనుకుంటే ఇవి మరవకండి.

• పొక్కుల మీద, పుండ్ల మీద ఏ నూనె గానీ బామ్ గానీ వద్దు. శుభ్రమైన తడిగుడ్డ చాలు.

• టీస్పూన్ కొబ్బరి నూనెలో రెండు చుక్కలకు మించొద్దు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి.

• కళ్ల దగ్గర రాయొద్దు. ముఖం మీద, ముఖ్యంగా ముక్కు కొన మీద పొక్కులు వస్తే కంటికి ముప్పు. అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించాలి.

• నీలగిరి నూనె, కర్పూరం కడుపులోకి పోతే చిన్న పిల్లలకు ఫిట్స్ రావచ్చు. సీసాలు అందకుండా పెట్టండి.

• రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు నొప్పి బామ్‌లు రాసేముందు డాక్టర్‌ను అడగాలి.

• సర్పి పక్కవాళ్లకు సర్పిగా అంటదు. కానీ పొక్కుల నీరు తగిలితే, చికెన్‌పాక్స్ రాని పిల్లలకు చికెన్‌పాక్స్ రావచ్చు. గర్భిణులూ దూరంగా ఉండాలి.

యాభై దాటినవాళ్లకు సర్పి రాకుండా టీకా ఉంది. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. రెండు డోసులు, ఖరీదు వేలల్లోనే. అవ్వకు షుగర్ ఉంది కాబట్టి ఈసారి పసుపు పైసలు రాగానే మొదటి డోసు వేయించాం. "పొక్కులే లేవు, సూదెందుకురా?" అని దారంతా తిట్టింది.

ఉగాది దాటాక బాపు మళ్లీ చేను గట్టెక్కాడు. చలిగాలికి నడుం ఇంకా చురుక్కుమంటుందట. మొన్న అక్క ఫోన్ చేసింది. వాళ్ల వాడకట్టులో ఒకామెకు వీపు మీద పొక్కులు లేచి, నూనె సీసా కోసం వీళ్లింటికి వచ్చిందట.

"ఇచ్చినవా?" అని అడిగా.

"ఇయ్యలే. పొద్దుగాల బస్సుకు ఆదిలాబాద్ రిమ్స్‌కు తోలిన. సీసాదేముంది, తోలు మానినంక నేనే ఇస్త" అంది అక్క.