ఎర్రబల్బు వెలిగింది... ఆపరేషన్ అవసరమేనా?

‘ఠాగూర్’ చూడని తెలుగు ప్రేక్షకుడు ఉంటాడా? 2003లో వి.వి. వినాయక్ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో ఆస్పత్రి సీను గుర్తుందిగా! అప్పటికే ప్రాణం పోయిన మనిషిని చిరంజీవి ఓ పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి తీసుకొస్తాడు. అక్కడివాళ్ళు శవానికి వైద్యం మొదలెట్టి, బిల్లు మీద బిల్లు వేస్తారు. చివర్లో హీరో జేబులోంచి డెత్ సర్టిఫికెట్ తీయగానే హాలంతా ఈలలే ఈలలు! 2002 నాటి తమిళ చిత్రం ‘రమణ’లోనూ ఇదే సీను. అక్కడా ఈలలే!

ఎందుకలా? ఆస్పత్రి బిల్లు చూసి కడుపు మండని కుటుంబం లేదు కనుక.

కానీ సినిమా వేరు, బతుకు వేరు. శవానికి వైద్యం చేసే ఆస్పత్రి మనకు రోజూ ఎదురుకాదు. ఏ జబ్బూ లేని నిక్షేపమైన మనిషిని ఆపరేషన్ టేబులెక్కించే ఘట్టం మాత్రం రోజూ, మన వీధి చివరి నర్సింగ్ హోములోనే నడుస్తోంది. దాని పేరు సిజేరియన్!

నూటికి అరవై!

మన సినిమాల్లో పురుడు సీను మీకు కంఠోపాఠమే. వరండాలో హీరో పచార్లు. తలుపు మీద ఎర్రబల్బు. చెమట తుడుచుకుంటూ డాక్టరు రావడం. “సారీ... వెంటనే ఆపరేషన్ చేయాలి!” ఆ మాటకు హీరో ఎదురు ప్రశ్న వేసిన సినిమా ఒక్కటైనా చూశారా? వెయ్యడు. మనమూ వెయ్యం. సంతకం పెట్టేస్తాం.

అలా పెట్టిన సంతకాల లెక్క 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. దేశం మొత్తం మీద నూరు కాన్పుల్లో సిజేరియన్లు 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7! రాష్ట్రాలన్నిటిలోనూ తెలంగాణదే మొదటి స్థానం. ఇలాంటి రికార్డు బద్దలు కొట్టినందుకు వందరోజుల ఫంక్షన్ చేసుకోలేం కదా!

మరి నిజంగా అవసరమయ్యేది ఎందరికి? నూటికి 10 నుంచి 15 దాటనక్కర లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. జనాభా మొత్తం మీద చూస్తే 10 దాటాక తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్న దాఖలా లేదని 2015లో మళ్ళీ చెప్పింది.

అలాగని సిజేరియన్‌ను విలన్‌ని చేయకండి. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ దారికి అడ్డుపడినా, బిడ్డ గుండె వేగం పడిపోతున్నా ఆ ఆపరేషనే దేవుడు. అది సమయానికి అందక పోయిన తల్లులు మన పల్లెల్లో ఎందరో. ఆపరేషన్ ఉండటం తప్పు కాదు. అక్కర్లేని చోట చేయడం తప్పు.

విలన్ ఎవరు?

“ఇంకెవరు? డబ్బు!” అంటారు మీరు. సగం నిజమే. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో సిజేరియన్లు నూటికి 81.5. మామూలు కాన్పుకు పది, పన్నెండు గంటలు కాచుకుని కూచోవాలి. అర్ధరాత్రీ అపరాత్రీ చూడకూడదు. ఆపరేషనైతే గంటలో పని పూర్తి, బిల్లు కూడా పెద్దది.

కానీ ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. అదే తెలంగాణలో సర్కారు దవాఖానాల లెక్క 44.5. అక్కడ బిల్లు లేదే! మరి ఎందుకు చేస్తున్నట్టు?

కారణాలు చాలా ఉన్నాయి. కాన్పు గదిలో పక్కన కూచుని ధైర్యం చెప్పే శిక్షణ పొందిన నర్సులు చాలరు. డాక్టరుకు భయం. వైద్యసేవ కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. “ఎందుకు కోశావు?” అని అడిగేవాడు అరుదు. “ఎందుకు కొయ్యలేదు?” అని కోర్టుకెళ్ళేవాడు ఉంటాడు. అమ్మాయికి నొప్పులంటే భయం. ఒకసారి సిజేరియన్ అయితే రెండోసారీ తప్పదనే నమ్మకం ఇంకొకటి. అన్నీ అనుకూలిస్తే తగిన ఆస్పత్రిలో రెండోది మామూలు కాన్పు కావచ్చు. ఆ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక మన వంతు! “డాక్టరమ్మా, బుధవారం పొద్దున తొమ్మిదీ పన్నెండుకి దివ్యమైన ముహూర్తం, ఆ వేళకి బిడ్డను తీసెయ్యండి” అని పంచాంగం పట్టుకెళ్ళేది ఎవరు? మనమే! సినిమా ఓపెనింగ్‌కు కొబ్బరికాయ కొట్టాలంటే ముహూర్తం పెట్టుకోవచ్చు. కడుపులో బిడ్డకు క్యాలెండరు తెలియదు. 39 వారాలు నిండకుండా నొప్పులు రాకముందే తీసేస్తే బిడ్డకు ఊపిరి తీసుకోవడం కష్టమయ్యే ప్రమాదం పెరుగుతుంది. మంచి జాతకం కోసం పుట్టించిన బిడ్డ మొదటి రోజులు గాజుపెట్టెలో గడిపితే అది ఏ గ్రహబలం?

తల్లి కట్టే మూల్యం

తల్లి సంగతి చూడండి. రక్తం ఎక్కువ పోవచ్చు, కుట్లు చీము పట్టవచ్చు, కోలుకోవడానికి వారాలు పడుతుంది. అసలు చిక్కు తర్వాతి కాన్పులో. గర్భసంచి మీది పాత కుట్టులోకి మాయ పాతుకుపోవచ్చు. ఆ కుట్టు విడిపోవచ్చు. అరుదే గానీ వచ్చిందంటే ప్రాణాల మీదికే. ఈ ప్రమాదం ఒక్కో ఆపరేషన్‌తో పెరుగుతూ పోతుంది.

ఏం అడగాలి?

డాక్టరుతో పోట్లాడమని కాదు. ఎనిమిదో నెలలోనే, తీరుబడిగా, మర్యాదగా అడగండి: “మీ దగ్గర నూటికి ఎన్ని మామూలు కాన్పులు అవుతాయండీ? నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇస్తారా? రాత్రివేళ కాన్పు చూసేవాళ్ళు ఉంటారా?” ఆపరేషన్ అన్నప్పుడు: “కారణం ఏమిటండీ? ఇప్పటికిప్పుడు చేయాలా, కాసేపు ఆగి చూడవచ్చా?” బిడ్డ మెడకు పేగు చుట్టుకుందంటే బెదిరిపోకండి. అది చాలామంది బిడ్డల్లో కనిపించేదే, అదొక్కటే కోతకు కారణం కాదు. నిజంగా అత్యవసరమైతే మంచి డాక్టరు రెండు ముక్కల్లో చెప్పేస్తారు. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా సంతకం పెట్టండి.

దారి లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్ ప్రభుత్వాస్పత్రిలో నర్సులకు మంత్రసానితనంలో ప్రత్యేక శిక్షణ మొదలెట్టింది. నాటి మంత్రసాని ఓపిక, నేటి వైద్యం తెలివి రెండూ కలిసిన చదువది!

ఇంకో మాట, కుర్రకారుకి ప్రత్యేకంగా. నొప్పులు పడే వేళ నమ్మకమైన మనిషి పక్కనుంటే మామూలు కాన్పు అయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. తోడుగా ఒక స్త్రీని కాన్పు గదిలోకి రానివ్వాలని కేంద్రం 2016లోనే ప్రభుత్వాస్పత్రులకు చెప్పింది. కొన్ని ఆస్పత్రులు భర్తనూ రానిస్తున్నాయి. మీ ఆస్పత్రిలో రానిస్తారేమో ముందే కనుక్కోండి. రానిస్తే వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోండి. రానివ్వకపోతే వాళ్ళమ్మనో అక్కనో పంపండి. వరండాలో పచార్లు చేసే హీరోలు మనకు ఇప్పటికే చాలామంది ఉన్నారు!