తూకానికి వేసే ముందు...

అటక మీంచి దించిన గంగాళం, మూత బిగుసుకుపోయిన మరచెంబు, చిలుక ఆకారంలోని అడకత్తెర... ఎన్ని కిలోలు తూగుతాయో చూసే ముందు ఒక్కసారి వాటిని తిరగేసి చూడండి!

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ల రూపం మారిపోయింది. పెంకుటిళ్లు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. పాత ఇల్లు ఖాళీ చేసే రోజున అటక మీది సామానంతా వాకిట్లోకి వస్తుంది. కొత్త ఫ్లాట్‌లో గంగాళం పెట్టుకునే పెరడు ఉండదు. ఇంకేముంది... పాత సామాన్ల బండి పిలుపు వినిపించగానే అన్నీ తక్కెడ ఎక్కుతాయి. నాయనమ్మ కాపురానికి తెచ్చుకున్న సర్వ కూడా అక్కడ ఇత్తడి ముక్కే. సర్వపిండికి ఆ పేరు తెచ్చింది ఆ సర్వేనని తక్కెడకేం తెలుసు!

మోగించి చూస్తే...

ఇత్తడిలో ఉండేది రాగి, జింకు. కంచులో రాగి, తగరం. పాతబడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేలితో కొట్టి చూస్తే కంచు గుడిగంటలా చాలాసేపు మోగుతుంది. బొంగురుగా పలికితే ఎక్కడో సన్నని పగులు ఉన్నట్టే. తగరం ఖరీదైనది కాబట్టి కంచుకు ధర ఎక్కువ. రెండింటినీ కలిపి తూకం వేయిస్తే నష్టం అమ్మేవాళ్లకే. అయస్కాంతం అతుక్కుందా? అయితే లోపల ఇనుము, పైన పూత.

దెబ్బ ఎక్కడ?

ఇత్తడికి సొట్ట పడితే సరిచేయించుకోవచ్చు. కంచు పగిలితే అతకడం కష్టం. అడుగున మాటు వేశారేమో చూడాలి. పాత అతుకుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి అలాంటి పాత్రలో వండకపోవడమే మంచిది. లోపల కళాయి పోయినంత మాత్రాన పాత్ర పాడైనట్టు కాదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నెను పొయ్యి మీద ఉంచితే కళాయి పోయేది అందుకే. మళ్లీ వేయించుకోవచ్చు. అప్పటిదాకా అందులో పులుసు, చారు కాచకూడదు.

చిత్రమైన వస్తువులకు లెక్క వేరు. మరచెంబు మూత సాఫీగా తిరగాలి, అది ఆ చెంబుదే అయి ఉండాలి. జంతికల గొట్టానికి బిళ్లలన్నీ ఉండాలి. అడకత్తెర కీలు వదులు కాకూడదు. పుణెలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియంలో ఇలాంటి అడకత్తెరలను అద్దాల వెనక దాచారు. అహ్మదాబాద్‌లో సురేంద్ర పటేల్ 1981లో అచ్చంగా పాత్రలకే 'వేచార్' మ్యూజియం పెట్టారు.

పేరు పోతే రాదు

పాత పాత్ర అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు కనిపిస్తుంది. ఏ పెళ్లికి ఎవరు ఇచ్చారో, ఏ సంవత్సరమో కొన్నిటి మీద ఉంటుంది. వయసు చెప్పే సాక్ష్యం అదే. తళతళలాడాలని మిషను మీద పాలిష్ పట్టిస్తే ఆ అక్షరాలు అరిగిపోతాయి. అమ్మే ఉద్దేశం ఉంటే పొడిగుడ్డతో తుడిచి వదిలేయాలి. వాడుకోవాలంటే చింతపండుతో తోమితే చిలుము వదిలిపోతుంది.

మరి ధర?

లోహం బరువుకు వచ్చేది కనీస ధర మాత్రమే. పనితనం, అరుదైన రూపం, విడిభాగాలన్నీ ఉండటం... ఇవి దాన్ని పెంచుతాయి. ఇంటింటా ఉన్న పెద్ద బిందె తూకానికే పోవచ్చు. అరచేతిలో పట్టే అడకత్తెర దానికంటే ఎక్కువ పలకొచ్చు. దుకాణంలో అడిగే ధర వేరు, అమ్ముడయ్యే ధర వేరు. అందుకే రెండుమూడు చోట్ల విచారించాలి. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. ఇష్టం వచ్చినట్టు విదేశాలకు పంపడం కుదరదు.

అన్నీ దాచుకోవడానికి ఫ్లాట్‌లో చోటు చాలదు, నిజమే. అమ్మేవి అమ్మినా, పేరున్న చెంబు ఒక్కటి మాత్రం పక్కన పెట్టుకోండి. కరిగించాక ఆ పేరు ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.