ఆముదం చేనులో మన నేస్తం

కందిరీగ అనగానే మనకు కుట్టే కందిరీగే గుర్తుకొస్తుంది. కానీ ఆముదం చేలల్లో చీమంత కందిరీగ ఒకటుంది. అది మనల్ని కుట్టదు, చూరుకు తుట్టె పెట్టదు. కూలి అడగకుండా రైతు పని చేసిపోతుంది. శాస్త్రవేత్తలు దాన్ని స్నెల్లీనియస్ మాక్యులిపెన్నిస్ అంటారు. పాత పుస్తకాల్లో మైక్రోప్లైటిస్ అని ఉంటుంది. ఇలా వేరే పురుగు మీద పెరిగి దాన్ని చంపే కీటకాలను వ్యవసాయ పుస్తకాల్లో బదనికలు అంటారు.

మన రామన్నపేట ఉన్న పాత నల్గొండ జిల్లాలోనూ, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనూ మెట్ట చెలకల్లో ఆముదం ఒకప్పుడు పెద్ద పంట. తర్వాత పత్తి పెరిగి ఆముదం తగ్గింది. ఆముదానికి ముఖ్య శత్రువు దాసరి పురుగు. నడుము పైకి వంచుతూ నడుస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఎక్కువై, ఆకును ఈనెలు మిగిలేటట్టు తింటుంది.

మన కందిరీగ దాసరి పురుగు చిన్నగా ఉన్నప్పుడే దాని ఒంట్లో గుడ్డు పెడుతుంది. గుడ్డుతోపాటు ఒక రకం వైరస్‌ను కూడా ఎక్కిస్తుంది. దాంతో పురుగుకు ఎదిరించే శక్తి తగ్గిపోతుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల లోపలే పెరుగుతుంది. ఎదిగాక బయటికి వచ్చి, పురుగు వెనుక భాగంలో, పొట్ట కింద గోధుమ రంగు గూడు అల్లుకుంటుంది. ఒక పురుగుకు ఒకటే గూడు. ఆ పురుగు వెంటనే చావదు, కానీ మేత మాని చివరకు చచ్చిపోతుంది. గూట్లోంచి కొత్త కందిరీగ ఎగిరిపోతుంది.

గుర్తు పట్టడానికి ఆ గూడే ఆనవాలు. అది తెలియక మనవాళ్లు పురుగు కనపడగానే ఉద్దెరకు మందు తెచ్చి కొడతారు. దాసరి పురుగుతోపాటు మన నేస్తమూ చస్తుంది. అప్పు మాత్రం మిగులుతుంది. ఆకులు నాలుగో వంతుకు మించి పోతేనే మందు అవసరమని శాస్త్రవేత్తలు చెబుతారు. గూళ్లున్న పురుగులు బాగా కనిపిస్తే మందు ఆపడమే మేలు.

కాబట్టి దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆముదం చేను కనిపిస్తే ఆకులు తిప్పి చూద్దాం. పెద్ద పురుగులను చేత్తో ఏరేద్దాం. గూడున్న పురుగును మాత్రం చెట్టు మీదనే వదిలేద్దాం. మనం చదివిన చదువు అమ్మానాయనలకు ఒక్క మందు డబ్బా ఖర్చు తప్పించినా చాలు కదా!