ముద్ర తప్పిన ఓటు

'ఫలక్' అనగా ఆకాశము. 'నుమా' అనగా చూపునది. ఆకాశమునకు అద్దమని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. హైదరాబాదు పాతబస్తీలోని ఈ పేటవారు 2020 డిసెంబరు 1వ తేదీన, తక్కిన నగరవాసులవలెనే, మహానగర పాలక సంస్థ ఎన్నికలలో కాగితపు చీటీపై ముద్ర వేసి ఓటు చేసిరి. 2016లో వాడిన యంత్రములు కరోనా కారణమున ప్రక్కకు తొలగినవి. చీటీతోపాటు 'చెల్లని ఓటు' అను పాత చిక్కును మరల వచ్చినది.

ఓటు ముద్రకును అద్దమునకును ఒక సంబంధము కలదు. ఆ ముద్ర స్వస్తికమును పోలియుండును. తడియారని చీటీని మడచినపుడు సిరా మరియొక అభ్యర్థి గడిలో అంటుకొనవచ్చును. అట్లు అంటిన గుర్తు, అద్దములోని బొమ్మవలె, కొమ్మలు ఎదురు దిశకు తిరిగి కనబడును. లెక్కించువారు దానిని చూచి అసలు ముద్ర ఏదో తెలిసికొని, ఓటును నిలుపుదురు.

శాసనసభ, లోక్‌సభ ఎన్నికలకై 1961లో ఏర్పడిన నియమములును ఈ వివేకమునే బోధించుచున్నవి. గుర్తు మసకగా నున్నను, ఒకే అభ్యర్థికి రెండుమార్లు పడినను, ఓటరు ఉద్దేశము స్పష్టమైనచో ఆ ఓటు చెల్లును. ఇద్దరికి వేసినది, అసలు గుర్తు లేనిది, ఇచ్చిన సాధనముతోగాక వేరొకదానితో గుర్తు పెట్టినది చెల్లవు. ఓటరెవరో తెలియజేయు వ్రాత యున్నను చెల్లదు. ఇది కాఠిన్యము కాదు. రహస్యము బయటపడినచో ఓటు కొన్నవానికి రుజువు దొరకును, బెదరించినవానికి బలము కలుగును.

మరి తప్పు ఓటరుది కానిచో? ఆ 2020 ఎన్నికలలోనే నగరమునకు ఈశాన్యమున నున్న నేరేడ్‌మెట్ డివిజనులో ఈ ప్రశ్న పుట్టినది. స్వస్తిక ముద్రకు బదులు సిబ్బంది చేతికిచ్చిన వేరొక ముద్రను కొందరు ఓటర్లు వేసిరి. అట్టి చీటీలు 544. ముందున్న అభ్యర్థి ఆధిక్యము 504. ఉద్దేశము తెలిసిన అట్టి ఓట్లను అంగీకరింపవచ్చునని ఎన్నికల సంఘము లెక్కింపునకు ముందురాత్రి ఉత్తరువిచ్చెను. మరునాడు హైకోర్టు దానిని నిలిపివేసెను, ఫలితము ఆగినది. పిదప న్యాయస్థానము అడ్డు తొలగింపగా, డిసెంబరు 9న ఆ చీటీలను లెక్కించిరి. ముందున్న అభ్యర్థియే గెలిచెను.

ఫలితము మారలేదు గదా యని ఊరకుండరాదు. ఆ 544 మంది పెట్టుమన్నచోట పెట్టుమన్న ముద్రనే పెట్టిరి. పోలింగు కేంద్రములలో ముద్రను ఓటరు చేతికిచ్చువారిలో బడి ఉపాధ్యాయులు అనేకులు. ఓటరు తప్పును మన్నించుటకు నియమమున కొంత చోటు కలదు. ఇచ్చువాని ఏమరుపాటును దిద్దుటకు న్యాయస్థానము దాక పోవలసివచ్చినది.