తోకచుక్క తోకలో అయస్కాంతం ఎవరిది?

తోకచుక్క ఫోటోను ఎప్పుడైనా పరీక్షగా చూశారా? సాధారణంగా దానికి రెండు తోకలుంటాయి. పసుపు ఛాయతో వంపు తిరిగి ఉండేది ధూళి తోక. సూర్యుడికి ఎదురు దిక్కుగా, తిన్నగా, నీలంగా సాగేది విద్యుదావేశం గల అయానుల తోక. ఈ నీలి తోకలో అయస్కాంత క్షేత్రం ఉంది. అదెక్కడిది?

తోకచుక్క నడుమ పెద్ద అయస్కాంతం ఉందేమో అనుకుంటున్నారా? 2014 నవంబరు 12న ఫిలే అనే చిన్న నౌక చుర్యుమోవ్–గెరాసిమెంకో తోకచుక్క మీద దిగింది. దిగుతూ బంతిలా ఎగిరెగిరి పడింది. అదీ ఒకందుకు మేలే అయింది! ఒకచోట కాక పలుచోట్ల కొలతలు దొరికాయి. ఎక్కడా కేంద్రకానికి సొంత అయస్కాంతత్వం కనిపించలేదు.

సొంతం కాకపోతే అరువే కదా! అరువిచ్చినవాడు సూర్యుడు. సూర్యుడి నుంచి విద్యుత్ కణాలు సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో ఎప్పుడూ వీస్తుంటాయి. అదే సౌరపవనం. సూర్యుడి అయస్కాంత బలరేఖలను అది తనతో మోసుకుపోతుంది.

వాన వెలిశాక వీధిలో పారే నీటిపాయలో ఒక పుల్ల గుచ్చండి. పాయకు అడ్డంగా ఒక దారం వదలండి. దారం నడిమి భాగం పుల్లకు తగిలి ఆగుతుంది. కొసలు రెండూ నీటితో సాగిపోతాయి. దారం తలపిన్నులా వంగుతుంది.

తోకచుక్క దగ్గర జరిగేదీ ఇలాంటిదే. ఎండ వేడికి దాని మంచు ఆవిరవుతుంది. సూర్యకాంతి ఆ అణువుల నుంచి ఎలక్ట్రానులను ఊడగొడుతుంది. మిగిలిన బరువైన అయానులు సౌరపవనంలో కలిసి దాన్ని నెమ్మదింపజేస్తాయి. బలరేఖల నడిమి భాగం వెనుకబడుతుంది, కొసలు దూసుకుపోతాయి.

1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు హానెస్ ఆల్వెన్ ఈ సంగతి ఊహించాడు. నిజమో కాదో తేలేదెలా? దారం మీద ఎడమ నుంచి కుడికి బాణం గుర్తులు వేశామనుకోండి. వంగాక ఒక పాయలో బాణాలు పుల్ల వైపు చూపుతాయి, రెండో పాయలో పుల్లకు దూరంగా చూపుతాయి. అంటే, తోక రెండు సగాల్లోనూ క్షేత్రం ఎదురెదురు దిశల్లో ఉండాలి!

28 ఏళ్ళు గడిచాయి. 1985 సెప్టెంబరు 11న ఇంటర్నేషనల్ కామెటరీ ఎక్స్‌ప్లోరర్ అనే అమెరికా నౌక జియాకోబిని–జిన్నర్ తోకచుక్క తోకలోంచి దూసుకుపోయింది. కేంద్రకం అక్కడికి సుమారు 7,800 కిలోమీటర్లు. మొదటి సగంలో క్షేత్రం ఒక దిశలో ఉంది. నడుమ దాటగానే దిశ తారుమారైంది!

ఆ క్షేత్రం ఎంతో తెలుసా? ఎక్కువలో ఎక్కువ సుమారు 60 నానోటెస్లాలు. మన దగ్గర దిక్సూచిని తిప్పే భూమి క్షేత్రం సుమారు 40,000 నానోటెస్లాలు. అంత బలహీనమైన క్షేత్రమే లక్షల కిలోమీటర్ల నీలి తోకను తీర్చిదిద్దుతోంది. ఈసారి వాన వెలిశాక దారం, పుల్ల మరిచిపోకండి!